అణు విద్యుత్తు వద్దంటున్నవాళ్లు అసలు ఏం వద్దంటున్నారు?

ఈసీఐఎల్ చౌరస్తాలో ఆటో ఎక్కి మౌలాలి వైపు పోతుంటే ఒక పొడుగాటి ప్రహరీ గోడ చాలాసేపు పక్కనే వస్తుంది. అది న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, అందరి నోటా ఎన్‌ఎఫ్‌సీ. మొన్న ఆ గోడ వెంట పోతున్నప్పుడే ఆటో డ్రైవరు యురేనియం సంగతి ఎత్తాడు. అణు కరెంటులోకి ప్రైవేటు కంపెనీలు వస్తున్నాయని ఫోన్లో ఏదో వార్త చూశాడట. అతనిది దేవరకొండ అవతల ఒక తండా. "మా దిక్కు ఈ పంచాయితీ నా చిన్నప్పటి సంది ఉన్నదన్నా. గని పెడ్తమని వస్తరు, వద్దంటం, పోతరు. మల్ల కొన్నేండ్లకు వస్తరు," అన్నాడు. అంటూనే గోడ వైపు తల ఊపి, "ఇంతకు ఇందుల ఏం చేస్తరన్నా?" అని అడిగాడు. పదేళ్లుగా ఆ రోడ్డు మీదే ఆటో నడుపుతున్నాడు.

వాళ్ల ఊరి దగ్గర గని వచ్చి ఉంటే అందులోంచి తీసిన సరుకు చేరేది ఆ గోడ వెనక్కే. దేశంలోని భారజల (హెవీ వాటర్) రియాక్టర్లకు ఇంధనం అక్కడ తయారవుతుంది. ఈ రెండు చోట్ల మధ్య ఉన్న లంకె నగరంలో చాలామందికి తెలియదు. అణు విద్యుత్తు మీద మన వాదనలు సగం గాలిలో తేలడానికి అదొక కారణమని నాకనిపిస్తుంది.

ఈ మధ్య వార్తలు వరసగా వస్తున్నాయి. 2047 నాటికి అణు విద్యుత్ సామర్థ్యాన్ని లక్ష మెగావాట్లకు తీసుకెళ్లాలని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడున్నది సుమారు 8,800 మెగావాట్లు. దేశం వాడే కరెంటులో దీని వాటా 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ చట్టం తెచ్చి, 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ 2010 నాటి పరిహార చట్టాన్నీ పక్కన పెట్టి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. అంతకు ఏడాది ముందు కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఇలాంటిది ఏదైనా జరిగినప్పుడల్లా టీవీ చర్చలో ఒకటే ప్రశ్న: మీరు అణు విద్యుత్తుకు అనుకూలమా, వ్యతిరేకమా? సర్వే వద్దన్న అమ్రాబాద్ చెంచునీ, రియాక్టర్లు పెడతామంటున్న కొవ్వాడ మత్స్యకారుణ్నీ, గని పక్కనున్న తుమ్మలపల్లె అరటి రైతునీ ఇదే ప్రశ్న అడిగితే ముగ్గురి జవాబూ ఒకేలా వినిపించొచ్చు. ముగ్గురూ అంటున్నది మాత్రం మూడు వేరువేరు సంగతులు.

రాయి నుంచి కరెంటు దాకా

అణు విద్యుత్తు ఒక ఫ్యాక్టరీ కాదు, ఒక గొలుసు. మొదటి లంకె సర్వే: భూమిలో యురేనియం ఎక్కడ, ఎంత ఉందో బోర్లు వేసి చూడటం. ఈ పని చేసే అణు ఖనిజ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలోనే ఉంది. రెండోది గని, దాని పక్కనే రాయిని పొడి చేసి రసాయనాలతో యురేనియాన్ని విడదీసే శుద్ధి ప్లాంటు. ఇది యురేనియం కార్పొరేషన్, అంటే యూసీఐఎల్ పని. మూడోది ఇంధన తయారీ, అంటే ఎన్‌ఎఫ్‌సీ. నాలుగోది రియాక్టరు. అయిదోది వాడేసిన ఇంధనాన్ని చల్లార్చి, శుద్ధి చేసి, మిగిలిన వ్యర్థాన్ని దాచడం.

రేడియేషన్ ప్రమాదం ఈ గొలుసు పొడుగునా ఒకేలా ఉండదు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఇంధన తయారీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఈ విషయం ఎత్తితే చాలు, "ముప్పై ఏళ్లు టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుని తిరిగాను బాబూ, నాకేమైంది చెప్పు?" అంటారు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్కగట్టే బ్యాడ్జి అది. ఆయన చెప్పేది ఆయన చూసిన లంకె వరకు నిజమే. కొత్తగా చేసిన సహజ యురేనియం ఇంధన కట్టను చేతి తొడుగులతో పట్టుకోవచ్చు. అదే కట్ట రియాక్టరులో మండి బయటికొచ్చాక దగ్గరికి కూడా పోలేం. కాబట్టి "నేను చూశాను, ఏమీ కాదు" అన్న మాట విన్నప్పుడు ఆయన ఏ లంకె దగ్గర చూశారో అడగాలి. "మావాళ్లు చచ్చిపోతున్నారు" అన్న మాటనూ అలాగే అడగాలి.

చేతుల్లో ఇమిడే కట్ట, మూడు టిప్పర్ల రాయి

లెక్క వేసి చూద్దాం. 220 మెగావాట్ల భారజల రియాక్టరులో వాడే ఒక ఇంధన కట్ట అర మీటరు పొడవుంటుంది. సన్నని జిర్కోనియం గొట్టాలు 19, వాటి నిండా యురేనియం బిళ్లలు. మొత్తం యురేనియం ఆక్సైడు 15 కిలోల పైచిలుకు, అందులో అసలు యురేనియం 13 కిలోల పైచిలుకు. మామూలుగా కాలితే ఆ ఒక్క కట్ట నుంచి సుమారు ఆరున్నర లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లు దాదాపు 270, ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. అంటే ఒక మోస్తరు గేటెడ్ కమ్యూనిటీ. అంతే కరెంటు బొగ్గుతో తీయాలంటే దాదాపు 500 టన్నులు తగలబెట్టాలి. ఆ బొగ్గు బూడిద ఎక్కడ పోస్తారో రామగుండం, పాల్వంచ జనాన్ని అడిగితే చెబుతారు. అణు విద్యుత్తును సమర్థించేవారి వాదనకు వెన్నెముక ఇదే. చిన్న వాదనేమీ కాదు.

ఇప్పుడు అదే కట్టను వెనక్కి నడిపిద్దాం. తుమ్మలపల్లె రాయిలో యురేనియం ఆక్సైడు 0.04 శాతం దగ్గర ఉంటుంది. టన్ను రాయికి 400 గ్రాములు, అందులో అసలు యురేనియం 340. శుద్ధిలో పోయేది పోగా మన ఒక్క కట్టకు 50 టన్నుల పైగా రాయి తవ్వి పొడి చేయాలి. మూడు టిప్పర్ల లోడు. అందులోంచి 13 కిలోల పైచిలుకు యురేనియం హైదరాబాదు బండెక్కుతుంది, మిగతాదంతా బురదై ఆ ఊరి పక్క చెరువులో చేరుతుంది. ‘టైలింగ్ పాండ్’ అనేది దాన్నే.

యురేనియం తీసేశాం కదా, మిగిలింది ఉత్త మట్టే అనుకుంటాం. కాదు. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. ఎందుకంటే యురేనియంతో పాటు పుట్టి పెరిగిన థోరియం, రేడియం లాంటివి అక్కడే మిగులుతాయి. రేడియం సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది.

ఈ లెక్క ఇద్దరికీ పనికొస్తుంది. బొగ్గు 500 టన్నుల ముందు 50 టన్నుల రాయి తక్కువే కదా అని ఒకరంటారు. ఆ 50 టన్నులు మా ఊళ్లో, కరెంటు మీ ఊళ్లో అని మరొకరంటారు. రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యదు.

నల్లమల 2019: సర్వేని ఎందుకు ఆపారు?

2019 మే నెలలో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 4,000 బోర్ల ప్రతిపాదన అది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ‘సేవ్ నల్లమల’ హైదరాబాదులో ప్రతి ఫోన్లోనూ ఉంది. సినిమావాళ్లు రాశారు, పవన్ కల్యాణ్ అఖిలపక్ష సమావేశం పెట్టారు, కాలేజీ పిల్లలు ప్లకార్డులు పట్టుకున్నారు. అమ్రాబాద్, పదర మండలాల్లో బంద్‌లు జరిగాయి. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రవేశపెట్టింది కేటీఆర్.

అప్పట్లో నగరంలో చాలామంది గనికి అనుమతి వచ్చేసిందనే అనుకున్నారు. నేనూ మొదటి వారం అలాగే అనుకున్నాను. వచ్చింది సర్వేకి, అదీ సూత్రప్రాయంగా. భూగర్భ శాస్త్రవేత్తల వైపు మాట వినదగ్గదే: బోరు రంధ్రం వెడల్పు జానెడు కూడా ఉండదు, సర్వే చేసిన ప్రతిచోటా గని రాదు, అసలు ఏముందో చూడకుండానే వద్దనడం ఏమిటి? చెంచుల మాట ఇంకోలా ఉంది. రంధ్రం చిన్నదే, కానీ దాన్ని వేసే రిగ్గు నడిచి రాదు. దానికి దారి చదును చేయాలి, నీళ్లు తేవాలి, మనుషులు గుడారాలు వేయాలి. 4,000 సార్లు. పైగా, "ఏమైనా దొరికితే అప్పుడు ఆపుతారా?"

చట్టం దగ్గర అసలు మెలిక ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ అనేవి గని దశలో వస్తాయి. సర్వే దశలో ఉండవు. అడవి కాబట్టి అటవీ అనుమతి ఒక్కటే దారి. అంటే జనం నోరు విప్పడానికి కుర్చీ వేసే చోటు ఇంకా రాలేదు. అందుకే వాళ్లు రోడ్డు మీద మాట్లాడారు.

ఇంకో చిక్కు: అసెంబ్లీ తీర్మానానికి కేంద్రాన్ని కట్టడి చేసే బలం ఉందా? రాజ్యాంగం కేంద్ర జాబితాలో ఆరో అంశం అణుశక్తి, దానికి కావాల్సిన ఖనిజాలు. రాష్ట్రం తీర్మానం చేసినంత మాత్రాన చట్టప్రకారం ఏమీ ఆగదు. కానీ అడవి సిబ్బంది, నీళ్లు, రోడ్లు, పోలీసులు రాష్ట్రం చేతిలోవి. రాష్ట్రం మొహం చాటేస్తే కేంద్రం ఒక్క రిగ్గును కూడా మన్ననూరు చెక్‌పోస్టు దాటించలేదు. కాగితం మీది అధికారం ఢిల్లీది, గేటు తాళం హైదరాబాదుది.

పెద్దగట్టు, మన నల్లా నీళ్లు

ఆటో డ్రైవరు చెప్పిన ‘పంచాయితీ’ ఇంకా పాతది. నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డునే ఉన్న లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గనులు తవ్వాలని యూసీఐఎల్ ప్రతిపాదించింది. 2003 ఆగస్టు 19న దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పుడు అతనికి పదేళ్లు. "మా బాపు భుజాల మీద కూసున్న. మైకుల ఏం మాట్లాడిన్రో నాకేం తెల్వలే. పోలీసోళ్లు మాత్రం శానమంది ఉండె. ఆఫీసరు ఇంగ్లీషుల పెద్ద పుస్తకం చూపెడ్తున్నడు, మా అవ్వ లంబాడీల తిడ్తున్నది," అని నవ్వాడు.

ఆ పెద్ద పుస్తకం పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక. సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. పూర్తి నివేదిక దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషే. ప్రజాభిప్రాయ సేకరణ గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ, అది ఓటింగు అని. కాదు. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి అధ్యక్షత వహిస్తారు, ఎవరేమన్నారో రాసుకుని వీడియో తీసి పైకి పంపుతారు. వెయ్యిమంది వద్దన్నా పైవాళ్లు సరేననొచ్చు, అభ్యంతరాలకు కంపెనీ జవాబు చెబితే చాలు. దీనికీ గ్రామసభకూ తేడా ఉంది. 2013లో ఒడిశా నియమగిరి కేసులో సుప్రీంకోర్టు అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలే తేల్చాలంది. 12 సభలూ వద్దన్నాయి, బాక్సైటు గని ఆగింది. ఆ బలం మామూలు ప్రజాభిప్రాయ సేకరణకు లేదు.

మరి పెద్దగట్టు ఎందుకు ఆగింది? నా లెక్కలో నీళ్ల వల్ల. శుద్ధి ప్లాంటును మొదట మల్లాపురం దగ్గర అనుకున్నారు. అది అక్కంపల్లి జలాశయానికి దగ్గర. అప్పట్లో హైదరాబాదుకు కృష్ణా నీళ్లు తెచ్చే పథకం నడుస్తోంది, ఆ నీళ్లు ఆగి వచ్చేది అక్కంపల్లిలోనే. ఎక్కడో తండాల గొడవ కాస్తా నగరం నల్లాల గొడవ అయింది. ప్లాంటును దూరంగా శేరిపల్లికి మారుస్తామన్నారు. అక్కడా వ్యతిరేకత వచ్చింది. ఇన్నేళ్లయినా అక్కడ గని మొదలు కాలేదు.

నల్గొండ జనానికి ఇంకో అనుభవం ఉంది, ఇది బయటివాళ్లకు చప్పున తట్టదు. తరతరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని చూసిన జిల్లా అది. రంగు, రుచి, వాసన ఏమీ లేకుండానే నీళ్లు మనిషిని కుంగదీస్తాయని వాళ్లకు ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కర్లేదు. "కంటికి కనబడదు గానీ పరిమితిలోనే ఉంది" అన్న మాట అక్కడ చెల్లదు. ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసినవాళ్లు మర్రిగూడ వైపు ఒకసారి వెళ్లి రావాలి.

తుమ్మలపల్లె: గని వచ్చేసిన చోట

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో ప్లాంటు మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం వెనక నిలబడింది, ఉద్యోగాల ఆశ ఉంది. కొన్నేళ్ల తర్వాత టైలింగ్ పాండ్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి: బోరు నీళ్లు మారిపోయాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయి అని. పాండ్ నుంచి ఊట లేదని యూసీఐఎల్ వాదన.

ఇక్కడి ఆందోళనలో "మూసెయ్యండి" కంటే ఎక్కువ వినిపించేవి "మా భూములు కూడా కొనండి, మా పిల్లలకు ఉద్యోగాలివ్వండి, మంచినీళ్లివ్వండి". దీన్నీ అణు వ్యతిరేక ఉద్యమం పద్దులోనే రాసేస్తుంటారు. నిజానికి ఇది బాధితుల హక్కుల గొడవ. రేపు పరిహారం సరిగ్గా ముడితే వీళ్లలో చాలామంది గనితో సర్దుకుపోతారు. అలా సర్దుకుపోవడం ద్రోహమని నగరంలో కూర్చుని అనడం తేలిక.

నీళ్ల రిపోర్టు దగ్గర జనానికి టెన్షన్ ఎందుకు పెరుగుతుందో ఒక ఉదాహరణ. ఒక బోరు నీళ్లలో లీటరుకు 45 మైక్రోగ్రాముల యురేనియం తేలిందనుకుందాం. అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60, కాబట్టి ఒక అధికారి "సురక్షితం" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 30, మన తాగునీటి ప్రమాణంలోనూ ఇప్పుడు 30 ఉంది. కాబట్టి ఒక కార్యకర్త "పరిమితి దాటింది" అంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. రైతుకు మాత్రం ఎవరో ఒకరు మోసం చేస్తున్నట్టే ఉంటుంది.

దీని మీద ఇంకో పొర. యురేనియం ఉన్న రాళ్ల ప్రాంతంలో గని రాకముందే నీళ్లలో అది కొంత ఉంటుంది. ఇది గని వల్ల వచ్చిందా, ముందునుంచీ ఉన్నదా? తేల్చాలంటే తవ్వకానికి ముందు ఊరూరా బోర్ల నీళ్లు పరీక్షించి, ఆ లెక్కలు అందరి ముందూ పెట్టి ఉండాలి. ఆ కాగితం ఊరివాళ్ల చేతిలో లేకపోతే తర్వాత జరిగే వాదన ఎప్పటికీ తెగదు. నా మటుకు నాకు సగం పోరాటాలు ఈ ఒక్క కాగితం లేక రగులుతున్నట్టు కనిపిస్తుంది.

కొవ్వాడ, కూడంకుళం: రియాక్టరు దగ్గర భయం వేరు

గని దగ్గర భయం నెమ్మదిగా, నీళ్లలోంచి వచ్చేది. రియాక్టరు దగ్గర భయం ఒక్క రోజుది. 1979 త్రీమైల్ ఐలాండ్, 1986 చెర్నోబిల్, 2011 ఫుకుషిమా. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు పెట్టాలని ప్రణాళిక. గుజరాత్‌లోని మీఠీవిర్దిలో రైతుల వ్యతిరేకత తర్వాత ఆ కంపెనీ రియాక్టర్లు ఇటు మళ్లాయి. ఒకచోట ఉద్యమం గెలిస్తే ప్రాజెక్టు ఇంకోచోట తేలుతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

కొవ్వాడ మత్స్యకారుడి ప్రశ్న రేడియేషన్ కంటే ముందు వేట గురించి. వేడి నీళ్లు సముద్రంలోకి వదిలితే చేప ఉంటుందా? భద్రత పేరుతో పడవల్ని ఎంత దూరం ఆపుతారు? పునరావాస కాలనీ తీరానికి దూరంగా ఇస్తే వల ఎక్కడ ఆరబెట్టాలి? రైతుకు ఎకరానికి ఇంతని లెక్క కట్టొచ్చు, సముద్రానికి పట్టా పుస్తకం లేదు.

రియాక్టరు చుట్టూ 16 కిలోమీటర్ల మేర అత్యవసర ప్రణాళిక ప్రాంతం ఉంటుంది, ప్రమాదం జరిగితే జనాన్ని తరలించే ఏర్పాట్లు అక్కడిదాకా సిద్ధంగా ఉండాలి. ఆ దూరం ఎంతో తెలియాలంటే చార్మినార్ మీద కంపాస్ ముల్లు గుచ్చి గీయండి. ఉప్పల్, సికింద్రాబాద్, జూబ్లీహిల్స్, శంషాబాద్ దారిలో సగం లోపలే పడతాయి. హైదరాబాదులో విద్యుత్ రియాక్టరు లేదు, ఇది దూరం అర్థం కావడానికే. వానాకాలం సాయంత్రం పంజాగుట్ట దాటడానికి మనకెంతసేపు పడుతుందో తలుచుకుంటే, "తరలింపు ప్రణాళిక ఉంది" అన్న వాక్యం చదివి తీరప్రాంత జనం ఎందుకు నవ్వుతారో తెలుస్తుంది.

అయితే ఫుకుషిమా అంకెలు రెండువైపులా కోస్తాయి. రేడియేషన్ వల్ల జరిగిందని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్న మరణం ఒక్కటి. ఇళ్లు విడిచిపోవడం వల్ల, ఆస్పత్రుల నుంచి వృద్ధుల్ని హడావుడిగా తరలించడం వల్ల, ఆ తర్వాతి కుంగుబాటు వల్ల ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో 2,000 మందికి పైగా పోయారు. భయమే ఎక్కువ చంపిందని సమర్థకులంటారు. ప్లాంటు లేకపోతే తరలింపే లేదు కదా అని వ్యతిరేకులంటారు. బొగ్గు పొగ ఏటా తీసే ప్రాణాలతో పోలిస్తే అణు విద్యుత్తు చాలా సురక్షితమన్నది కూడా గట్టి వాదనే. కాకపోతే ఆ పోలిక సగటు మనిషి గురించి. ప్లాంటు పక్కన ఉండేవాడు తనను సగటు మనిషిగా అనుకోడు.

సమర్థకులు తక్కువగా మాట్లాడేది ఖర్చు గురించి. కొవ్వాడకు అనుకున్న రకం రియాక్టర్లే అమెరికాలోని వోగల్‌లో రెండు కట్టారు. అవి అనుకున్నదానికంటే ఏళ్ల తరబడి ఆలస్యమై, 3,000 కోట్ల డాలర్లు దాటాయి. ఫ్రాన్స్‌లోని ఫ్లమన్‌విల్ కొత్త రియాక్టరు 2007లో మొదలై 2024 డిసెంబరులో గ్రిడ్డుకెక్కింది. మన భారజల రియాక్టర్లు వీటికంటే చవకగా కడుతున్నారన్నదీ నిజమే, కాబట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

తమిళనాడులో కూడంకుళం ఇంకో పాఠం. రష్యా రియాక్టర్లు దాదాపు పూర్తయ్యాక, ఫుకుషిమా చూసి, 2011లో ఇడిందకరై గ్రామం చర్చి ముందు పందిరి వేసుకుని కూర్చుంది. 2012 సెప్టెంబరులో పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు, జనం మెడలోతు సముద్రంలో నిలబడ్డారు, వేల మంది మీద రాజద్రోహం కేసులు పడ్డాయి. ఈ ఉద్యమాల వెనక అమెరికా, స్కాండినేవియా దేశాల సంస్థలున్నాయని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అన్నారు. విదేశీ నిధుల ప్రశ్న అడగకూడనిది కాదు. రియాక్టరు కూడా విదేశానిదే అయినప్పుడు అది ఒకవైపే అడగడం మాత్రం వింతగా ఉంటుంది. 2013 మే 6న సుప్రీంకోర్టు విశాల ప్రజాప్రయోజనం అంటూ ప్లాంటుకు పచ్చజెండా ఊపింది. దాంతోపాటు 15 ఆదేశాలిచ్చింది, నిరసనకారుల మీది కేసులు ఉపసంహరించే ప్రయత్నం చేయమంది.

గెలిచిన చోట్ల ఏముంది?

2011లో మమతా బెనర్జీ ప్రభుత్వం వద్దనగానే పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్ రియాక్టర్ల ప్రాజెక్టు ఆగింది. 2019లో నల్లమల అలాగే. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు యురేనియం తవ్వకాలు ఉండవని చెప్పాక కప్పట్రాళ్ల చల్లబడింది. కూడంకుళంలో రాష్ట్రం మొదట ఊగిసలాడి 2012 మార్చిలో ప్లాంటు వైపు తిరిగింది, అక్కడితో తేలిపోయింది. రేడియేషన్ గురించి ఎవరి వాదన సరైందన్నదాని కంటే, రాష్ట్ర ప్రభుత్వం ఎటు నిలబడింది, డబ్బు అప్పటికే ఎంత పోశారు అన్నవే ఫలితాన్ని తేల్చినట్టు కనిపిస్తుంది. కట్టేశాక ఆపిన చోటు లేదా అంటే, ఉంది. ఆస్ట్రియాలో త్స్‌వెంటెన్‌డార్ఫ్ ప్లాంటు పూర్తిగా కట్టాక 1978 నవంబరులో జనాన్ని ఓటు అడిగారు. 50.47 శాతం వద్దన్నారు. ఆ ప్లాంటు ఒక్కరోజు కూడా నడవలేదు.

మనకు అలాంటి ఓటు లేదు. మన దగ్గరున్నవి ప్రజాభిప్రాయ సేకరణ, కోర్టు, ధర్నా. ధర్నాచౌక్‌ను కూడా 2017లో ఇందిరాపార్కు నుంచి ఎత్తేస్తే, మళ్లీ అక్కడ కూర్చునే హక్కు కోసం హైకోర్టుకెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు మారినదేమిటి?

రెండు మార్పులు. ఒకటి పరిహారం. భోపాల్ చేదు గుర్తుతో రాసుకున్న 2010 చట్టంలో ఒక మెలిక ఉండేది: నాసిరకం సామగ్రి వల్ల ప్రమాదం జరిగితే, ప్లాంటు నడిపేవారు బాధితులకు చెల్లించి ఆ డబ్బు సరఫరాదారు నుంచి రాబట్టుకోవచ్చు. విదేశీ కంపెనీలు కొవ్వాడకు రాకుండా ఇన్నేళ్లు తటపటాయించడానికి ఇదొక ముఖ్య కారణం. 2025 చట్టం ఆ మెలిక తీసేసింది. లేకపోతే ఎవరూ రారని ప్రభుత్వం అంటుంది, తప్పు చేసినవాడు తప్పించుకుంటాడని విమర్శకులంటారు.

రెండోది తక్కువమంది గమనించింది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయించింది. పర్యావరణ అంచనా ఉంటుంది, ఢిల్లీలో నిపుణుల పరిశీలన ఉంటుంది. రియాక్టర్లకు సభ ఇంకా ఉంది. యురేనియం గనికి మాత్రం ఊళ్లో షామియానా వేసి మైకు పెట్టే రోజు ఇక రాకపోవచ్చు. రక్షణ, ఇంధన అవసరాల దృష్ట్యా జాప్యం కుదరదని శాఖ చెప్పే కారణం. నల్లమలలో సర్వేకి మాట్లాడే చోటు లేక జనం రోడ్డెక్కిన సంగతి ఇందాక చూశాం. ఇప్పుడు గని దశ కూడా అదే వరసలో చేరింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో, అటవీ హక్కులున్న చోట్ల గ్రామసభ దారి మిగిలి ఉంటుంది. పెద్దగట్టు లాంటి చోట్ల అదెంతవరకు పనికొస్తుందో కోర్టులే చెప్పాలి.

మౌలాలి దగ్గర దిగేటప్పుడు ఈ సంగతి డ్రైవరుకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. చిల్లర లెక్కపెట్టి ఇస్తూ, "అంటే మా అవ్వ తిట్టినా రాసుకునేటోడు ఉండడన్నట్టు," అన్నాడు.